వారానికి మూడు రాత్రులు జొన్నరొట్టె

కల్వకుర్తి

బిడ్డా,

భూమికి భారం కాకుండా తినాలని ఉంది పెద్దమ్మా, కానీ ఆర్గానిక్ దుకాణంలో కొంటే మా జీతాలు చాలవు అని మొన్న ఫోన్‌లో అన్నావు. ఆ దుకాణం సంగతి పక్కన పెట్టు. ముందు మీ బియ్యం డబ్బా దగ్గరికి రా.

మా అమ్మ కాలంలో ఇక్కడ వరి అంటే చెరువు కింది పంట. ఎర్ర చెల్కల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం వేసేవాళ్లు. ఇప్పుడు బోరు పడితే చాలు, యాసంగిలో కూడా వరే. కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల దాకా నీళ్లు కావాలి. పైగా నీళ్లు నిలిచిన మడి అడుగున మీథేన్ పుట్టి గాలిలో కలుస్తుంది, ఎండలు ముదరడానికి అదీ ఒక కారణం. మా చేన్లో మొదటి బోరుకు 150 అడుగుల్లో నీళ్లు పడ్డాయి. మూడోది 400 దాటినా తెల్లటి దుమ్మే లేచింది. ఆ రోజు మీ పెద్దనాన్న అన్నం ముట్టలేదు. జొన్నకైతే మన వానే చాలు.

అన్నం మానేయమని నేను చెప్పను. 2025 నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, తీసుకోండి, పగటిపూట కమ్మగా తినండి. రాత్రికి మాత్రం వారంలో మూడు రోజులు రొట్టె చెయ్యి.

రొట్టె విరిగిపోతోందని నీకు టెన్షన్ కదా. పిండి పాతదైతే నాకూ విరుగుతుంది. పది రోజులకు సరిపడా మాత్రమే పట్టించు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, మరిగే నీళ్లతోనే దానికి జిగురు వస్తుంది. అందుకని నీళ్లు కళపెళ మరిగాక పిండి మధ్యలో గుంట చేసి పోసి, గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టు. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేత్తో నొక్కి నొక్కి పిసుకు. తట్టేటప్పుడు అంచులు పగిలాయంటే ఇంకా పిసకాలన్నమాట. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాయి, ఆ తడి ఆరగానే తిప్పెయ్యి. మొదటి నాలుగు రొట్టెలు వంకరగానే వస్తాయి. అవే తినండి.

పక్కకు పుంటికూర పప్పు చాలు. కంది వేరు నేలకు నత్రజని ఇచ్చి పోతుంది కాబట్టి పప్పు తినడం చేనుకూ మేలే. వానాకాలంలో అంగడికి పోతే ముసలమ్మలు తుమ్మికూర, గునుగుకూర కుప్పలు పోసుకుని కూర్చుంటారు, బేరం ఆడకుండా కొను. నువ్వే కోసుకుంటానంటే మందు కొట్టిన చేను గట్ల మీద మాత్రం వద్దు. పండ్లకైతే నల్లగొండ బత్తాయి ఉంది, దసరా ముందూ వెనకా బాలానగర్ సీతాఫలం ఉంది. ఓడలెక్కి వచ్చిన యాపిల్ పిల్లలకు ఎందుకు?

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది పారబోత. 30 ఏళ్లు హాస్టల్‌లో వండాను. మొదట్లో రోజూ రెండు బకెట్ల అన్నం మిగిలేది, ఎత్తి పోస్తుంటే కడుపు తరుక్కుపోయేది. తర్వాత పొద్దున్నే ఎవరు ఊరికి పోయారు, ఎవరికి జ్వరం అని అడిగి తెలుసుకుని, అప్పుడు బియ్యం కొలవడం మొదలుపెట్టాను. అర బకెట్‌కు తగ్గింది. నువ్వూ చెయ్యి అంచనాతో పోయకు, డబ్బాలో ఒక గ్లాసు వేసి ఉంచు. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడు పెడితే పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో చద్దన్నం అవుతుంది. ఎండాకాలంలో దానికి మించిన టిఫిన్ నాకు తెలియదు.

కోడికూర ఆదివారానికి ఉంచుకోండి, చాలు.

శనివారం మీ పెద్దనాన్న మహబూబ్‌నగర్ వస్తున్నారు. ఐదు కిలోల తెల్ల జొన్నలు పంపుతున్నాను, రాళ్లు ఏరి ఎండబెట్టాను. సగం ఇప్పుడు పట్టించు, మిగతా సగంలో ఎండిన వేపాకు వేసి మూత బిగించు. గిర్నీలో మక్కలు పట్టిన వెంటనే నీవి పొయ్యనివ్వకు, ఆ పిండి కలిస్తే రుచి మారుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ