పంతులు గారి పక్కన ఆవిడ కూడా ఉండాలి

ప్రశ్న: అమ్మా, మా ఊరి గ్రంథాలయం ముందు కందుకూరి వీరేశలింగం పంతులు గారి విగ్రహం పెట్టాలని కమిటీలో అనుకున్నాం. చందాలు కూడా మొదలయ్యాయి. కుర్రాళ్లు కొందరు మాత్రం ‘ఇప్పటికే బోలెడు విగ్రహాలున్నాయి, ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, నిడదవోలు దగ్గరి పల్లె

జవాబు: పెట్టండి బాబూ. కాకపోతే ఆయనొక్కరిదే పెట్టకండి, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారిది కూడా పెట్టండి.

పంతులు గారు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఉన్నారు, విశాఖ బీచ్ రోడ్డులో ఉన్నారు. ఆవిడ ఆ పక్కన లేరు. ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులు గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరివాళ్లు వెలివేసినంత పని చేశారు. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వంట చేశారు. పెళ్లింట్లో కాళ్లు కడుక్కోవడం దగ్గర్నుంచి అంట్లు తోమడం దాకా ఎన్ని బిందెలు పడతాయో మీ ఇంట్లో ఆడవాళ్లని అడగండి. పంతులు గారు పత్రికలో రాశారు, సభల్లో పండితులతో వాదించారు. ఆ పెళ్లిలో పొయ్యి వెలిగింది మాత్రం ఈవిడ రెక్కల కష్టంతోనే. నేను బడిలో తెలుగు చెప్పిన రోజుల్లో పిల్లలు ‘గద్య తిక్కన’ అన్న బిరుదు రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఈ నీళ్ల సంగతి చెబితే మాత్రం ‘రేవు ఎంత దూరం టీచర్?’ అని అడిగేవారు.

ఇక దిమ్మె మీద రాత. చాలా చోట్ల ఆవిష్కరించినవారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, మహానుభావుడి కింద ‘సంఘ సంస్కర్త’ అని ఒక్క ముక్క ఉంటుంది. అది చదివిన పిల్లవాడికి ఏం తెలుస్తుంది? మీరు ఆ పెళ్లి తేదీ, ఆ దంపతుల పేర్లు, రాజ్యలక్ష్మమ్మ గారు నీళ్లు మోసిన సంగతి, 1874లో ధవళేశ్వరంలో పెట్టిన ఆడపిల్లల బడి, అన్నీ రాయించండి. నల్లరాతి మీద లోతుగా చెక్కించండి. పెయింటుతో రాయిస్తే రెండు వానాకాలాలకు వెలిసిపోతుంది. దాతల పేర్లు వెనక వైపు.

కుర్రాళ్ల మాట కూడా కొట్టిపారేయకండి. నిలువెత్తు విగ్రహాలు అక్కర్లేదు, ఛాతీ వరకు చాలు. మిగిలిన డబ్బుతో ఆయన ఆత్మకథ నాలుగైదు ప్రతులు, పిల్లల పుస్తకాలు కొనండి. విగ్రహాలకు పేరున్న కొత్తపేట కోనసీమలోనే ఉంది, మీకు మరీ దూరం కాదు.

ఆర్డరిచ్చే ముందు ఒకరోజు ఆ కుర్రాళ్లను కూడా వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్లిరండి. పంతులు గారి ఇల్లు, 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలు చూడండి. ఆనంద గార్డెన్స్‌లో భార్యాభర్తలిద్దరి సమాధులూ ఉన్నాయి. అక్కడ ఆవిడకు దక్కిన చోటు మన కూడళ్లలో ఎందుకు దక్కలేదో వాళ్లనే అడగండి, కమిటీలో ఇక ఎవరూ అడ్డు చెప్పరని నా నమ్మకం.

ఆవిష్కరణ ఏప్రిల్ 16న పెట్టుకోండి. అది ఆయన పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. బడిపిల్లల చేత చిన్న నాటిక వేయించండి. ఎండలు ముదిరే రోజులు, సాయంత్రం అయిదు దాటాక మొదలుపెట్టండి.