హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ సదస్సుకు జట్టుగా పంపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నర్సింగ్ చదివే స్నేహితురాలితో కలిసి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (వైద్య సమాచారాన్ని కంప్యూటర్ల సాయంతో వాడుకునే రంగం) సదస్సుకు ఏదైనా పరిశోధన పంపాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మీ జట్టులో నర్సింగ్ విద్యార్థిని ఉండటమే మీకున్న పెద్ద బలం. అందుకే ప్రశ్న ఆమె వైపు నుంచి రానివ్వండి. ఏ అల్గారిదమ్ వాడదామా అని మొదలైన పనులు చాలావరకు వార్డులో ఎవరికీ అక్కరకు రావు. ఒకే వివరాన్ని రెండుచోట్ల ఎక్కడ రాయాల్సి వస్తోంది, మోగినా ఎవరూ పట్టించుకోని అలారాలు ఏవి అని ఆమెను అడగండి.

తర్వాత డేటా. ఆసుపత్రి రికార్డులకు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, దానికి నెలలు పట్టొచ్చు. మొదటి ప్రయత్నానికి వైద్య డేటాను పంచే ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే మిమిక్-4 (పేర్లు తొలగించిన ఆసుపత్రి రికార్డుల సంకలనం) చాలు. దీనికి రోగుల సమాచార రక్షణపై ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, ఒప్పందంపై సంతకం చేయాలి. విద్యార్థి జట్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఒకరు అనుమతి తెచ్చుకుని ఫైళ్లను డ్రైవ్‌లో అందరికీ పెట్టేస్తారు. అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. డేటా చూసే ప్రతి ఒక్కరూ విడిగా అనుమతి పొందాలి. మీ పని యాప్ కట్టడమే అయితే సింథియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కృత్రిమ రోగి రికార్డులు తయారుచేసుకోండి, ఈ తతంగమేదీ ఉండదు.

డేటా నుంచి నేర్చుకుని అంచనా వేసే మోడల్ కడితే మరో ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో చేరిన తొలి 24 గంటల సమాచారంతో మరణ ప్రమాదాన్ని అంచనా వేస్తున్నారనుకుందాం. అందులో ఐసీడీ కోడ్లు (జబ్బులకు ఇచ్చే ప్రామాణిక సంకేతాలు) కలిపితే ఫలితం అద్భుతంగా కనిపిస్తుంది. కానీ ఆ కోడ్లు వేసేది డిశ్చార్జి అయ్యాక! అంటే జవాబు ముందే మోడల్ చేతికి ఇచ్చినట్టు. అలాగే శిక్షణకూ పరీక్షకూ డేటాను విడదీసేటప్పుడు అడ్మిషన్ల వారీగా కాక, రోగుల వారీగా విడదీయండి. లేదంటే పదేపదే చేరిన రోగి రెండువైపులా ఉంటాడు. అనుభవమున్న సమీక్షకులు ముందు వెతికేది ఇవే.

ఈసారి పూర్తి పేపర్ జోలికి వెళ్లకండి, పోస్టర్‌కు (పనిని ఒకే పెద్ద షీటుపై చూపేది) పంపండి. సమస్య, డేటా, పద్ధతి, ఫలితం, పరిమితి క్లుప్తంగా చెప్పగలిగితే చాలు. ఫలితం చోట "త్వరలో వెల్లడిస్తాం" అని రాస్తే తిరస్కరించే అవకాశమే ఎక్కువ. అమెరికాలో నవంబరు ప్రాంతంలో జరిగే ఆమియా (అమెరికన్ మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అసోసియేషన్) వార్షిక సదస్సుకు పంపే గడువు మామూలుగా మార్చిలోనే ముగుస్తుంది, కాబట్టి క్యాలెండర్‌ను వెనక్కి లెక్కేసుకోండి. అంతర్జాతీయ వైద్య ఇన్ఫర్మాటిక్స్ సంఘం ఇమియా నడిపే మెడ్ఇన్ఫో సదస్సు రెండేళ్లకోసారి వస్తుంది. 2023లో సిడ్నీలో, 2025లో తైపేలో జరిగింది.

రచయితల వరుస మొదటి వారంలోనే రాసుకోండి. చివర్లో తేల్చుకుందామంటే స్నేహాలే చెడతాయి. ప్రశ్నను రూపొందించి, ఫలితాల అర్థం చెప్పి, రాతప్రతిని సవరించిన నర్సింగ్ విద్యార్థిని కోడ్ రాయకపోయినా పూర్తి స్థాయి రచయితే. కృతజ్ఞతల్లో ఒక వాక్యంతో సరిపెట్టడం అన్యాయం.

అంగీకారం వచ్చాక కనీసం ఒక రచయిత రుసుము కట్టి హాజరు కావాలనే నిబంధన చాలా సదస్సుల్లో ఉంటుంది. దాన్ని పంపేముందే చూసుకోండి. విద్యార్థి వాలంటీర్లకు రుసుము తగ్గించే సదస్సులూ ఉన్నాయి, కానీ ఆ దరఖాస్తు గడువు వేరుగా ఉంటుంది. అక్కడికి వెళ్లాక విద్యార్థుల వర్కింగ్ గ్రూప్ సమావేశానికి తప్పకుండా వెళ్లండి. మీ తర్వాతి పేపర్‌కు మరో దేశం నుంచి జట్టు సభ్యులు దొరికేది ఎక్కువగా అక్కడే.