వికెట్ కీపింగ్ మానెయ్యాలా అని అడిగిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. అండర్-19 క్రికెట్ ప్రాబబుల్స్‌లో, అంటే జట్టు ఎంపికకు పరిశీలించేవారి జాబితాలో, నీ పేరు ఉందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ వెంటనే నువ్వు పంపిన పొడవాటి మెసేజ్ కూడా చదివాను. బ్యాటింగ్ బాగానే ఉంది కాబట్టి కీపింగ్ మానేసి దాని మీదే దృష్టి పెట్టమనీ, లేకపోతే పాతికేళ్లు రాకముందే మోకాళ్లు దెబ్బతింటాయనీ శిబిరంలో ఒక పెద్దాయన చెప్పారని, ఏం చేయాలో తోచడం లేదని రాశావు. నా సమాధానం ముందే చెబుతాను: మానవద్దు. ఇన్నేళ్లుగా ఆ పనినే నమ్ముకుని, తరువాత పిల్లలకు నేర్పుతూ వచ్చిన దాన్ని కనుక మమకారంతో అంటున్నానని నువ్వు అనుకోవచ్చు. అందుకే నా కారణాలను, ఈ దారిలో ఎదురయ్యే కష్టాలను కూడా దాచకుండా వివరంగా రాస్తున్నాను.

తుది పదకొండు మందిలో బ్యాటర్లకు ఐదారు స్థానాలుంటాయి, బౌలర్లకు మరో నాలుగైదుంటాయి. కీపర్‌కు ఉండేది ఒక్కటే. ఆ ఒక్క స్థానం ఎవరికి దక్కుతుందనేది ఈ పదేళ్లలో ఎలా మారిందో గమనించు. 2017 ప్రపంచ కప్‌లో మన మహిళల జట్టుకు హిమాచల్ అమ్మాయి సుష్మా వర్మ కీపింగ్ చేసింది. ఆమె తరువాత చండీగఢ్ నుంచి వచ్చిన తానియా భాటియా 2018, 2020 ట్వంటీ20 ప్రపంచ కప్‌లు రెండింటిలోనూ వికెట్ల వెనుక నిలబడింది. చేతుల నేర్పులో తానియాకు వంక పెట్టినవారు నాకు తారసపడలేదు. అయినా 2022 వన్డే ప్రపంచ కప్ నాటికి ఆ స్థానం సిలిగురి అమ్మాయి రిచా ఘోష్‌కు వెళ్లింది. చివరి ఓవర్లలో బంతిని బౌండరీ అవతల పడేసే బలం రిచాకు ఉండటమే అందుకు ప్రధాన కారణమని ఆట తెలిసినవారందరికీ తెలుసు. 2020 ఫిబ్రవరిలో పదహారేళ్ల వయసులో భారత జట్టులోకి వచ్చినప్పుడు ఆమె కీపర్‌గా కాదు, బ్యాటర్‌గానే వచ్చింది. 2022లో క్వీన్స్‌టౌన్‌లో న్యూజిలాండ్ మీద 26 బంతుల్లో అర్ధ శతకం కొట్టింది. ఆ వెంటనే జరిగిన ప్రపంచ కప్‌లో పాకిస్తాన్‌తో ఆడిన తొలి మ్యాచ్‌లోనే వికెట్ల వెనుక ఐదుగురిని ఔట్ చేసింది. కాబట్టి చోటు బ్యాటింగ్ వల్ల వచ్చినా, ఆ చోటును ఆమె గ్లవ్స్‌తోనూ కాపాడుకుంది.

మన రాష్ట్రంలోనూ ఈ దారిలో ముందు నడిచిన మనిషి ఉంది. కృష్ణా జిల్లా అమ్మాయి రావి కల్పన 2015లో న్యూజిలాండ్ మీద భారత జట్టుకు కీపింగ్ చేసి, మొత్తం ఏడు వన్డేలు ఆడింది. ఆమె తండ్రి ఆటో నడిపేవారు. అలాంటి ఇంటి నుంచి వెళ్లి భారత జట్టు గ్లవ్స్ వేసుకోగలిగిందంటే అది ఎంత పట్టుదలతో సాధ్యమైందో ఊహించుకో. నువ్వు ఆడే మైదానాల్లో ఆమె గురించి అడిగితే చెప్పేవారు ఇప్పటికీ దొరుకుతారు, తప్పకుండా అడుగు.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లను నువ్వు చూసే ఉంటావు. తొమ్మిదో తేదీన దక్షిణాఫ్రికా మీద వందకు కాస్త పైచిలుకు పరుగులకే మన ఆరు వికెట్లు పోయినప్పుడు, ఎనిమిదో స్థానంలో వచ్చిన రిచా 77 బంతుల్లో 94 పరుగులు చేసి స్కోరును 251కి చేర్చింది. ఆ మ్యాచ్ మనం ఓడిపోయాం గానీ ఆ ఇన్నింగ్స్ మాత్రం మరిచిపోయేది కాదు. మూడు రోజుల తరువాత అదే మైదానంలో మనం 330 పరుగులు చేస్తే, ఆస్ట్రేలియా కెప్టెన్ అలిస్సా హీలీ 107 బంతుల్లో 142 పరుగులు చేసి తన జట్టును గెలిపించింది. అప్పటి వరకు మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని ఏ జట్టూ ఛేదించలేదు. వికెట్ల వెనుక కూర్చుని లేచే పని చేస్తూ ఇద్దరూ ఆడిన ఆటలివి. కీపింగ్ మానేసి బ్యాటింగ్ మీదే దృష్టి పెట్టమన్న ఆ పెద్దాయనకు ఈ రెండు మ్యాచ్‌లనూ గుర్తుచేయవచ్చు, గౌరవంగానే సుమా.

అయితే హీలీని చూసేటప్పుడు ఆమె మొదటి ఏళ్లను కూడా చూడాలి. 2010లో జట్టులోకి వచ్చిన ఆమె చాలాకాలం దిగువ వరుసలో, ఒక్కోసారి నాలుగు బంతులు కూడా మిగలని స్థితిలో బ్యాటింగ్‌కు దిగేది. ఓపెనర్‌గా అవకాశం వచ్చాకనే 2019లో శ్రీలంక మీద 61 బంతుల్లో 148 నాటౌట్, 2020 మార్చిలో మెల్బోర్న్‌లో 86,174 మంది ప్రేక్షకుల ముందు మన మీద ట్వంటీ20 ఫైనల్లో 39 బంతుల్లో 75, 2022 వన్డే ఫైనల్లో ఇంగ్లండ్ మీద 170 పరుగులు వచ్చాయి. ఆమె వెనుక అదే ఆస్ట్రేలియా జట్టులోని బెత్ మూనీ కథ ఉంది; నీకు అదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. మూనీ కూడా కీపరే. కానీ హీలీ ఉన్నంతకాలం గ్లవ్స్ మూనీకి దొరికేవి కావు కాబట్టి, కేవలం బ్యాటర్‌గా జట్టులో స్థానం సంపాదించుకుంది. ఆ మెల్బోర్న్ ఫైనల్లో 78 నాటౌట్‌గా నిలిచి, ఆ టోర్నీలో ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. హీలీకి గాయమైనప్పుడు గ్లవ్స్ వేసుకుని ఏ తడబాటూ లేకుండా నిలబడింది. గ్లవ్స్ లేకపోయినా మొదటి ఆరుగురిలో నిన్ను తీసుకోవాలనిపించేలా బ్యాటింగ్ చేయి. బ్యాట్‌తో పరుగులు రాని నెలలో కూడా నిన్ను తప్పించలేనంత బాగా కీపింగ్ చేయి. నా సలహా అంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఇక కీపింగ్ విషయానికి వస్తాను. మహిళల క్రికెట్‌లో బంతి బరువు 140 నుంచి 151 గ్రాముల మధ్య ఉంటుంది, అంటే పురుషుల బంతి కంటే తేలిక. వేగం కూడా తక్కువ కనుక మీడియం పేసర్లకు సైతం కీపర్ తరచూ స్టంప్స్ దగ్గరికి వచ్చి నిలబడాల్సి వస్తుంది. దూరంగా నిలబడి క్యాచ్‌లు పట్టే అమ్మాయిలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. మీడియం పేసర్‌కు స్టంప్స్ దగ్గర నిలబడి, బ్యాటర్‌ను క్రీజు దాటకుండా కట్టిపడేసే అమ్మాయి మాత్రం ఒక రాష్ట్రంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. సెలెక్టర్ల కన్ను పడేది ఆ ఇద్దరి మీదనే.

దగ్గర నిలబడినప్పుడు అన్నిటికంటే కష్టమైనది లెగ్ సైడ్, అంటే బ్యాటర్ కాళ్ల వైపుగా, వెళ్లే బంతి. నువ్వు ఆఫ్ స్టంప్ బయట తల పెట్టి కూర్చుంటావు, బంతి పిచ్ మీద పడే దాకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాత బ్యాటర్ కాళ్లు, ప్యాడ్లు అడ్డం వచ్చి అది ఒక్క క్షణం మాయమవుతుంది. ఆ క్షణంలో చాలామంది చేతులను ముందుగా చాపేస్తారు, శరీరం వెనుకబడుతుంది. నువ్వు కాళ్లతో కదలాలి. ఎడమ కాలిని పక్కకు వేసి, తలను, చేతులను కలిపి ఆ వైపుకు తీసుకెళ్లాలి. చివరిసారి కనిపించిన గతిని నమ్మి, గ్లవ్స్‌ను కిందనే ఉంచి, బంతి లేస్తున్నప్పుడు దానితోపాటు పైకి లేవాలి. ముందే లేచిన కీపర్ కాళ్ల మధ్య నుంచి బంతి పోతుంది. బంతి అందాక చేతులను కొంచెం వెనక్కి ఇచ్చి, అదే ఊపుతో బెయిల్స్ మీదికి తేవాలి. 2017 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ కీపర్ సారా టేలర్, మీడియం పేసర్ నాట్ సివర్ వేసిన లెగ్ సైడ్ బంతిని అందుకుని దక్షిణాఫ్రికా బ్యాటర్ త్రిషా చెట్టిని స్టంప్ ఔట్ చేసిన దృశ్యం దొరికితే, వేగం తగ్గించి పదే పదే చూడు. ఆమె చేతులను చూడవద్దు, పాదాలను చూడు.

నిబంధనలను కూడా చదువుకో. చాలామంది కీపర్లు చదవరు. బంతి బ్యాట్‌కో బ్యాటర్ ఒంటికో తగిలే దాకా, లేదా స్టంప్స్ దాటే దాకా, లేదా బ్యాటర్ పరుగుకు ప్రయత్నించే దాకా కీపర్ పూర్తిగా స్టంప్స్ వెనుకే ఉండాలి. స్టంపింగ్ తొందరలో గ్లవ్స్ ముందుకు వస్తే అది నోబాల్, పొట్టి ఓవర్ల ఆటలో పైగా ఫ్రీ హిట్. వైడ్ బంతికి స్టంపింగ్ చెల్లుతుంది, నోబాల్‌కు చెల్లదు. దూరంగా నిలబడేటప్పుడు వెనుక నేల మీద పెట్టిన హెల్మెట్‌కు బంతి తగిలితే ప్రత్యర్థికి ఐదు పరుగులు దక్కుతాయి. ఇక మహిళల ప్రీమియర్ లీగ్‌లో వైడ్లను, నోబాల్‌లను కూడా రివ్యూ అడగవచ్చు. అక్కడ కెప్టెన్ మొదట చూసేది కీపర్ ముఖంలోకే కాబట్టి, అరవడం తగ్గించి నిజాయితీగా చెప్పే కీపర్‌కు విలువ ఎక్కువ.

వేళ్ల విషయంలో ఒక్కటే హెచ్చరిక. వేలి కొనలను బంతి వైపు గురిపెట్టవద్దు. నడుము కింద వచ్చే బంతికి కొనలు నేలను చూడాలి, ఛాతీ ఎత్తున వచ్చే దానికి పైకో పక్కకో తిప్పుకోవాలి. నాకు తెలిసిన కీపర్లలో ఉంగరపు వేలు వంకర పోనివారు అరుదు, అదంతా అలసిపోయిన చివరి గంటలో జరిగిందే. ఇన్నర్స్, అంటే గ్లవ్స్ లోపల వేసుకునే పలుచని తొడుగులు, చెమటకు తడిసి ముద్దయితే పట్టు మారిపోతుంది కనుక సంచిలో ఎప్పుడూ రెండు జతలు అదనంగా ఉండాలి. మ్యాచ్ రోజున కొత్త గ్లవ్స్ వాడవద్దు. నెట్స్‌లో మెత్తబడ్డాకనే మైదానంలోకి తీసుకురావాలి.

మోకాళ్ల గురించి ఆ పెద్దాయన అన్నది పూర్తిగా తోసిపుచ్చదగిన మాట కాదు. యాభై ఓవర్లంటే 300 బంతులు, ప్రతి బంతికీ కూర్చుని లేవాలి, ప్రతి త్రోకూ స్టంప్స్ దగ్గరికి పరుగెత్తాలి. మోకాలి లిగమెంట్ గాయాలు మహిళా క్రీడాకారిణుల్లో ఎక్కువని వైద్యులు చెబుతారు. 2025 ప్రపంచ కప్‌కు ముందు విశాఖ శిక్షణ శిబిరంలో మోకాలికి దెబ్బ తగిలి మన జట్టు కీపర్ యస్తికా భాటియా ఆ టోర్నీకే దూరమైంది. దీనికి మందు కీపింగ్ మానడం కాదు, తొడలు, పిరుదులు, నడుము కండరాలను బలపరచుకోవడం. బరువులు ఎత్తితే ఆడపిల్ల ఒళ్లు మొరటవుతుందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటను ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యి. నెలసరి తేదీలను, ఆ రోజుల్లో నీరసాన్ని రాసిపెట్టుకుని ఫిజియోకు సిగ్గుపడకుండా చెప్పు. మా కాలంలో అది నోరు విప్పకూడని విషయం, అందువల్ల రక్తహీనతతోనే ఏళ్లకేళ్లు ఆడినవారున్నారు. యస్తికా స్థానంలో వచ్చిన అస్సాం అమ్మాయి ఉమా ఛెత్రి, రిచా వేలికి గాయం కావడంతో బంగ్లాదేశ్ మీద తన తొలి వన్డే ఆడింది. రెండో కీపర్‌గా బెంచీ మీద కూర్చునే రోజులు నీకూ వస్తాయి. ఆ రోజుల్లో ప్రతి బౌలర్ చేతిని చదువుకుంటూ కూర్చో.

బ్యాటింగ్ గురించి మీ కోచ్ ఉన్నారు కనుక తక్కువ రాస్తాను. ట్వంటీ20లో ఇన్నింగ్స్ మధ్య విరామం ఇరవై నిమిషాలే. కీపింగ్ చేసి వచ్చి ఓపెనింగ్‌కు దిగడం ఎలా ఉంటుందో ప్రాక్టీసులోనే అలవాటు చేసుకోవాలి. గంటన్నర కీపింగ్ చేసి, నీళ్లు తాగి, ప్యాడ్లు మార్చుకుని నేరుగా కొత్త బంతిని ఎదుర్కో. తాజా కాళ్లతో నెట్స్‌లో కొట్టే షాట్లు నిన్ను మోసం చేస్తాయి. నీకు స్వీప్ బాగా వచ్చు, మంచిదే. కానీ ఐదు, ఆరు స్థానాల్లో వచ్చే కీపర్‌కు లాంగాన్ మీదుగా ఎత్తి కొట్టే బలం లేకపోతే ఇప్పుడు ఏ జట్టూ తీసుకోదు.

డబ్బు సంగతి మీ నాన్నకు నేనే చెబుతాను, అయినా నువ్వూ తెలుసుకో. 2022 అక్టోబరు నుంచి భారత జట్టులో పురుషులకూ మహిళలకూ మ్యాచ్ ఫీజు సమానం: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, ట్వంటీ20కి 3 లక్షలు. 2023 మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో రిచాకు బెంగళూరు జట్టు 1.9 కోట్లు పెట్టింది. తమిళనాడు నుంచి వచ్చిన చిన్న వయసు కీపర్ కమలినికి తరువాతి ఏడాది చివర్లో ముంబయి 1.6 కోట్లు ఇచ్చింది. ఇవి కొద్దిమందికే దక్కుతాయి. మిగతావారికి అన్నం పెట్టేది దేశవాళీ మ్యాచ్ ఫీజులు, రైల్వే వంటి సంస్థల్లో క్రీడాకోటా ఉద్యోగాలు. మహిళల క్రికెట్ నిర్వహణ భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) చేతికి రాకముందు, అంటే 2006కు ముందు, మేము సొంత ఖర్చుతో రిజర్వేషన్ లేని పెట్టెల్లో వెళ్లి ఆడినవాళ్లం, కాబట్టి ఇప్పటి ఫీజుల గురించి విన్నప్పుడు నాకు కొంచెం అసూయ కలుగుతుందనడంలో దాపరికం లేదు. ఏదేమైనా డిగ్రీ పూర్తి చేయి, దూరవిద్యలోనైనా సరే. క్రీడాకోటాలో పెద్ద ఉద్యోగాలకు అది అడుగుతారు.

ఇంకొక విషయం. కీపర్ వదిలిన క్యాచ్ అందరికీ కనిపిస్తుంది, పట్టిన వందా ఎవరూ లెక్కపెట్టరు. సారా టేలర్ అంతటి కీపర్ ఆందోళన భరించలేక 2016లో ఆటకు విరామం ప్రకటించింది. మరుసటి ఏడాది తిరిగి వచ్చి లార్డ్స్‌లో ప్రపంచ కప్ అందుకుంది. 2019లో ఆరోగ్యం కోసమే రిటైరైంది. 2021లో ససెక్స్ పురుషుల జట్టుకు కీపింగ్ నేర్పడానికి వెళ్లింది. రాత్రి నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, మ్యాచ్ అంటే కడుపులో తిప్పితే దాన్ని భయస్తురాలి లక్షణమని అనుకోకుండా అమ్మతోనో నాతోనో చెప్పు.

సెలెక్షన్ మ్యాచ్‌లకు ముందు నాకు వీడియోలు పంపు. నెట్స్‌లో కాదు, మ్యాచ్ పిచ్ మీద, మీ మీడియం పేసర్ పాత బంతితో వేస్తుండగా నువ్వు స్టంప్స్ దగ్గర నిలబడినవి కావాలి. ఒకటి స్క్వేర్ లెగ్ వైపు నుంచి, మరొకటి నీ వెనుక నుంచి తీయించు; పాదాలు ఫ్రేములో ఉండాలి. వదిలిన బంతులను కత్తిరించవద్దు, నాకు ముఖ్యంగా కావలసినవి అవే. పాత గ్లవ్స్ రబ్బరు అరిగిపోయిందని మీ నాన్న చెప్పారు. కొత్తవి నేను పంపిస్తాను, చేతి కొలత రాయి.

ఇట్లు,
మీ అత్తయ్య