మీ నాన్న చెయ్యి కంచంలో ఎండిపోయిన సంగతి రాయి

నరసన్నపేట

అమ్మడూ,

జానపద కళల కార్యక్రమం ఆపేస్తారట, ఛానెల్‌కి ఉత్తరం ఎలా రాయాలి మామయ్యా అని ఫోన్ చేశావు. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినవాణ్ణి, నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావులే.

నువ్వు పంపిన చిత్తు చదివాను. ‘మీ కార్యక్రమం చాలా బాగుంది, దయచేసి ఆపకండి.’ ఇది వంటల ప్రోగ్రాంకి పంపినా సరిపోతుంది. తప్పెటగుళ్ళు చూపించిన రోజు మీ ఇంట్లో ఏటి జరిగిందో అది రాయమ్మా. రొమ్ము మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, ఆ గెంతులు చూస్తూ మీ నాన్న భోజనం మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. ‘మా తాత ఇలాగే ఏసేవోడే’ అన్నాడని నువ్వే చెప్పావు. ఉత్తరం అక్కడ మొదలెట్టు. అది ఏ తేదీ ఎపిసోడో కూడా వెయ్యి.

కాలేజీ పిల్లలందరిచేతా ఒకే ఉత్తరం జెరాక్సు తీయించి సంతకాలు పెట్టిద్దామంటున్నావు. వద్దు. దూరదర్శన్‌లో ‘సురభి’ ప్రోగ్రాం వచ్చే రోజుల్లో, వాళ్ళడిగే ప్రశ్నలకి జనం పంపే జవాబుల కార్డులు సంచులకెత్తేవాళ్ళం. వాటిని లెక్కపెడతారు, లాటరీ తీస్తారు, చదవరు. జెరాక్సు ఉత్తరాల గతీ అంతే. పది మందే రాసినా ఎవరి మాట వాళ్ళు రాస్తే పది ఉత్తరాలు.

తిట్టొద్దు. మధ్యాహ్నం రేడియో నాటకం టైము మార్చారని కుర్రతనంలో నేను మూడు పేజీలు కడిగేశాను. జవాబు రాలేదు. వచ్చుంటే సిగ్గుపడేవాణ్ణి.

1968లో అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ సీరియల్ ఆపేస్తారని తెలిసి జనం ఎన్‌బీసీ ఛానెల్‌కి ఉత్తరాలు కుమ్మరించారు. సీరియల్ మళ్ళీ వస్తుందని మార్చి 1న ఆ ఛానెల్ టీవీలోనే చెప్పింది. కానీ ఆ మూడో ఏడు శుక్రవారం రాత్రి పదింటికి తోసేసింది, 1969లో ఆగిపోయింది. అందుకని ‘ఆపకండి’ అని ఊరుకోకు. ఇప్పుడొచ్చే టైములోనే ఉంచమని అడుగు.

రేటింగంటే, టీవీలో ఏది ఎంతమంది చూస్తున్నారో లెక్కగట్టే బార్క్ సంస్థ వాళ్ళు మీటర్లు పెట్టిన ఇళ్ళ లెక్క. మీ ఇంట్లో లేదు, మా ఇంట్లోనూ లేదు. మనం చూస్తున్నట్టు వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఉత్తరం యాంకర్‌కి కాదు, ఛానెల్లో కార్యక్రమాలు చూసే అధికారికి రాయి. మధ్యలో ప్రకటనలిచ్చే కంపెనీకీ ఒకటి రాయి. చిరునామా వాళ్ళ ప్యాకెట్ వెనకే ఉంటుంది. మీ ఇంట్లో ఆ సరుకు నిజంగా వాడుతుంటేనే సుమా.

ఒక్క పేజీ దాటనివ్వకు. పిన్‌కోడ్ ఆరంకెలూ విడివిడిగా వెయ్యి, నీ చిరునామా మర్చిపోకు. ఆపెయ్యడం ఖాయమయ్యాక రాస్తే లాభం లేదు, ఈ వారమే డబ్బాలో పడాలి.

మీ నాన్నచేత కూడా ఒక కార్డు రాయించు. తప్పులుంటాయి, దిద్దకు.

మీ మామయ్య