జియాలజీ చదివే అమ్మాయికి లెక్కలంటే ఇష్టమైతే

కడప నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి బీఎస్సీ జియాలజీ చివరి సంవత్సరం, లెక్కలంటే ప్రాణం, ఖనిజ నిల్వలు అంచనా కట్టే జియోస్టాటిస్టిక్స్ వైపు వెళ్తానంటోందట. ఇంట్లోవాళ్లు మాత్రం డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామంటున్నారు, ఏం చేయమంటారు అని ప్రశ్న.

అమ్మాయి మాట వినండి సార్. భూమి లోపల ఖనిజం ఎంతుందో తవ్వకముందే చెప్పాలి, చేతిలో ఉండేది మాత్రం అక్కడక్కడా వేసిన బోర్ల శాంపిళ్లే, మధ్యలో ఉన్న రాయిని ఎవరూ చూడలేదు. 1950ల మొదట్లో డానీ క్రిగె అనే ఇంజినీరు దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల లెక్కలు తీసి చూస్తే, శాంపిళ్లలో బాగా బంగారం కనిపించిన బ్లాకులు తవ్వాక అంచనా కంటే తక్కువ ఇస్తున్నాయి, తక్కువ కనిపించినవేమో ఎక్కువ ఇస్తున్నాయి. ఆ తేడాను సరిదిద్దడానికి ఆయన స్టాటిస్టిక్స్ వాడారు. తర్వాత ఫ్రాన్స్‌లో జార్జ్ మాథెరాన్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా కట్టి, క్రిగె పేరు మీదే క్రిగింగ్ అన్నారు. దూరం పెరిగేకొద్దీ రెండు శాంపిళ్ల గ్రేడుల్లో, అంటే వాటిలో ఉన్న ఖనిజం శాతంలో, తేడా ఎలా పెరుగుతుందో వేరియోగ్రామ్ అనే గ్రాఫు చూపిస్తుంది, దాన్నిబట్టే అంచనాలో ఏ శాంపిల్‌కి ఎంత ప్రాధాన్యం (వెయిట్) ఇవ్వాలో తేలుతుంది. అంచనాతో పాటు అది ఎంతవరకు నమ్మొచ్చో కూడా వస్తుంది, గని మీద డబ్బు పెట్టేవాళ్లకు కావాల్సింది అదే.

ఇష్టం లేని డేటా సైన్స్ కోర్సు కంటే ఇది నయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పైథాన్, స్టాటిస్టిక్స్ ఇక్కడా నేర్చుకోవాల్సిందే, పైగా రాయి తెలిసి లెక్క కూడా తెలిసినవాళ్లు తక్కువ. అయితే మొదటి ఉద్యోగమే కంప్యూటర్ ముందు ఉంటుందని అనుకోకండి. కొన్నేళ్లు క్యాంపులో ఉండి కోర్ లాగింగ్, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీలను చూసి వివరాలు రాయడం, చేయాలి, ఎండ ఉంటుంది, ఇంటికి దూరం ఉంటుంది, అది ముందే మాట్లాడుకోండి. ఖనిజ నిల్వలను ఎలా ప్రకటించాలో చెప్పే ఆస్ట్రేలియా జోర్క్ కోడ్ ప్రకారం నిల్వల రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ఆ రకం నిక్షేపంలో కనీసం ఐదేళ్ల అనుభవం అడుగుతారు, అంటే తొందరపడితే కుదరదు.

ఇప్పుడు ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్‌లో జియాలజీ పేపర్ రాయించండి, ఐఐటీ ఖరగ్‌పూర్ గానీ ధన్‌బాద్ గానీ చూడండి. ఎమ్మెస్సీ అయ్యాక యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు, కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐకి అదే దారి. హైదరాబాద్‌లోనే ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ, అణు ఖనిజాల సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయాలున్నాయి, వాటి నోటిఫికేషన్లూ గమనిస్తూ ఉండండి.

సాఫ్ట్‌వేర్ కోర్సులకు ఇప్పుడే వేలకు వేలు కట్టకండి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల జియోస్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఎస్‌జెమ్స్ ఉచితం, ముందు పది శాంపిళ్లతో వేరియోగ్రామ్ చేత్తో వేయమనండి, తర్వాత అందులో వేసి పోల్చుకోమనండి. మంగంపేట ముగ్గురాయి గనులు మీకు దగ్గరే కదా, కాలేజీ లెటర్ తీసుకుని ఈ సెలవుల్లోనే ఒకసారి చూసి రమ్మనండి.