గోల్ ఆపేవాడే గోల్ కొడితే

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆటగాడు రొజేరియో సెని గోల్ కీపరై ఉండి వందకు పైగా గోల్స్ కొట్టాడంటారు. అవన్నీ లెక్కకు వచ్చేవేనా?

జవాబు: వచ్చేవే, చిన్న పేచీతో. బ్రెజిల్‌లోని సావో పాలో క్లబ్‌లో 1990లో చేరిన సెని 2015లో రిటైరయ్యేదాకా అక్కడే ఆడాడు. గోల్స్ 130 దాకా ఉన్నాయి. దాదాపు సగం ఫ్రీకిక్‌లు (అవతలివాళ్లు ఫౌల్ చేస్తే, అది జరిగిన చోటి నుంచి కొట్టేవి), మిగతావి ఇంచుమించు అన్నీ పెనాల్టీలు (గోల్‌కు ఎదురుగా దగ్గర నుంచి, కీపర్ ఒక్కడే అడ్డుగా ఉండగా కొట్టేవి). మొదటిది 1997 ఫిబ్రవరి 15న ఉనియావో సావో జొవావో మీద. వందోది 2011 మార్చి 27న, చిరకాల ప్రత్యర్థి కొరింథియన్స్ మీద. రెండూ ఫ్రీకిక్‌లే. పేచీ ఆ వంద దగ్గరే: అందులో రెండు ఫ్రెండ్లీ (టోర్నీకి చెందని) మ్యాచ్‌లలో కొట్టినవి. అవి తీసేస్తే ఆ రోజుకు 98.

వందో గోల్ కన్నా 2006 ఆగస్టు 20 నాటి మ్యాచ్ చూడండి. క్రుజేరో చేతిలో సావో పాలో 0-2తో వెనకబడింది. సెని ఒక పెనాల్టీ ఆపాడు. తర్వాత ఫ్రీకిక్ ఒకటి, పెనాల్టీ ఒకటి తనే గోల్‌లోకి కొట్టి స్కోరు 2-2 చేశాడు. పరాగ్వే కీపర్ చిలవెర్ట్ 62 గోల్స్ రికార్డు దాటింది ఆ రోజే.

ప్రశ్న: కీపర్ అంత ముందుకెళ్లాక బంతి ఎదుటివాళ్లకు దొరికితే?

జవాబు: భయపడాల్సిందే. మైదానం పొడవు 105 మీటర్లనుకోండి. ఎదుటి గోల్‌కు 22 మీటర్ల దూరం నుంచి కిక్ కొట్టినవాడికి సొంత గోల్ 83 మీటర్ల దూరం. సెకనుకు ఏడు మీటర్ల చొప్పున పరుగెత్తినా 12 సెకన్లు. గాల్లో బంతికి అందులో సగం కూడా పట్టదు. పైగా అతని బదులు గోల్ ముందు నిలబడ్డ డిఫెండర్ చేత్తో ఆపలేడు.

అందుకే ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు మధ్యగీత దగ్గరే ఉండిపోతారు. కొట్టేవాడు మాత్రం తప్పితే పైకే తప్పాలి. బంతి గోల్ పైబార్ మీదుగా పోతే గోల్ కిక్ (ఎదుటివాళ్లు తమ గోల్ ముందు నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్), వెనక్కి రావడానికి కాస్త వ్యవధి. అడ్డంగా వరసకట్టిన ఎదుటి ఆటగాళ్ల గోడకు తగిలి మైదానంలోనే ఉండిపోతే ఎదురుదాడి అప్పుడే మొదలవుతుంది. ఒక ఊరట ఉంది: ఆఫ్‌సైడ్ (బంతి అందించే క్షణానికి దాడి చేసేవాడు మరీ ముందుండకూడదనే నియమం) లెక్క గోల్ కాచుకునే జట్టులో చివరి నుంచి రెండో ఆటగాడిని బట్టి. కీపర్ ముందుకెళ్లిపోయాడు కనుక ఇక్కడ చివరివాడు, రెండోవాడు ఇద్దరూ డిఫెండర్లే. వెనక ఒక్కడే ఉండిపోయినా ఆఫ్‌సైడ్ గీత అతని దగ్గరికి జారదు.

ప్రశ్న: పెనాల్టీకైతే ఆ బెడద లేదుగా?

జవాబు: గోల్ పడ్డాకే అసలు బెడద! 2004 ఏప్రిల్‌లో జర్మనీ క్లబ్ లెవర్కూసెన్ కీపర్ హాన్స్ యోర్గ్ బుట్ అక్కడిదే మరో క్లబ్ షాల్కే మీద పెనాల్టీ కొట్టి, సంబరం చేసుకుంటూ వెనక్కి వస్తున్నాడు. ఇంకా గోల్ చేరనేలేదు, షాల్కే ఆటగాడు మైక్ హాంకే కిక్ ఆఫ్ (గోల్ పడ్డాక మైదానం మధ్య నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే కిక్) నుంచే నేరుగా ఖాళీ గోల్‌లోకి కొట్టేశాడు. లెవర్కూసెన్ 3-2తో గట్టెక్కింది కాబట్టి నవ్వుకోవడానికి మిగిలింది.

ప్రశ్న: కీపర్ చేత్తో విసిరిన బంతి నేరుగా ఎదుటి గోల్‌లో పడితే?

జవాబు: 2019 నుంచి చెల్లదు, అవతలి జట్టుకు గోల్ కిక్ ఇస్తారు. చేతిలోంచి వదిలి కాలితో కొట్టింది పడితే గోలే.