ఆస్టరిస్క్ సర్వర్‌కు ఫెయిల్‌టుబ్యాన్ ఒక్కటే చాలదు, ముందు బయటికెళ్ళే కాల్స్‌కి తాళం వేయండి

మీరు అడిగింది ఇదీ: ఆఫీసులో 40 ఎక్స్‌టెన్షన్లున్న (లోపలి ఫోన్ నంబర్లున్న) ఆస్టరిస్క్ సర్వర్, అంటే ఆఫీసు ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్, ఈమధ్యే మీ చేతికొచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ కోసం 5060 పోర్టు (ఇంటర్నెట్ ఫోన్ల సిప్ పద్ధతి వాడే ద్వారం) బయటికి తెరిచి ఉంది. తప్పు పాస్‌వర్డ్‌లతో పదేపదే ప్రయత్నించేవాళ్ళని అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ పెట్టారు. ఇంతటితో సరిపోతుందా అని. సరిపోదండీ. అచ్చం ఇదే అమరికతో నేను దెబ్బతిన్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో విజయవాడలో ఒక డయాలసిస్ సెంటర్ ఫోన్లు నేనే చూసేవాణ్ణి. సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరెళ్ళాను. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఆ పొద్దున ఆరింటికి సెంటర్లో నర్సు ఫోన్ చేసింది: "అన్నా, మన నంబరుకి ఎప్పుడు చేసినా ఎంగేజ్ వస్తోందంట. పేషెంట్లు నా సెల్లుకి చేసి అడుగుతున్నారు." ల్యాప్‌టాప్ తీసి ఆస్టరిస్క్ కన్సోల్ చూశాను. డ్యూటీలో ఉన్నది ముగ్గురు. బయటి ఫోన్ కంపెనీకి కలిపే ట్రంక్‌లో, ఒకేసారి 30 కాల్స్ పట్టే 30 చానెళ్ళూ నిండిపోయి ఉన్నాయి. అన్నీ 201 ఎక్స్‌టెన్షన్ నుంచే, అన్నీ 00తో మొదలయ్యే విదేశీ నంబర్లకే. ఒకటి తెగీ తెగకముందే ఇంకోటి లేస్తోంది.

201 అప్పటికి ఆరు నెలల కిందట మానేసిన రిసెప్షనిస్టుది. దాని పాస్‌వర్డ్ కూడా 201. ఫెయిల్‌టుబ్యాన్ పండగ మూడు రోజులూ చక్కగా నడుస్తూనే ఉంది. కానీ తప్పు పాస్‌వర్డ్‌లను లెక్కపెట్టడమే దాని పని. రెండో ప్రయత్నానికే సరైనది దొరికినవాడు దాని లెక్కలోకి రాడు. బిల్లు నా నాలుగు నెలల జీతం కంటే ఎక్కువొచ్చింది. ట్రంక్ ఇచ్చినవాళ్ళు "కాల్స్ మీ సర్వర్ నుంచే సరైన లాగిన్‌తో వచ్చాయి, కట్టాల్సిందే" అన్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ మూడు రోజులూ డయాలసిస్ టైము కనుక్కుందామని చేసినవాళ్ళకి ఎంగేజ్ టోన్ వినిపించింది చూడండి, అది నాకు ఇప్పటికీ బాధే.

అసలు ఈ దొంగలకి మీ సర్వర్‌తో పనిలేదు, మీ నిమిషాలు కావాలి. విదేశాల్లో కొన్ని నంబర్లకి కాల్ నడిచినంతసేపూ ఆ చార్జీలో వాటా ఆ నంబరు తీసుకున్నవాడికి వెళ్తుంది. అక్కడ నంబరు తీసుకున్నది దొంగే, ఇక్కడ మీ సర్వర్‌తో దానికి కాల్ చేయించేదీ దొంగే. పండగలు, శని ఆదివారాలు చూసి దిగుతారు. అందుకే నేనిప్పుడు ఏ సర్వర్ చేతికొచ్చినా పాస్‌వర్డ్‌ల కంటే ముందు ఒకటి అడుగుతాను: ఈ సర్వర్ ఎక్కడెక్కడికి ఫోన్ చేయగలదు? దానికి అవసరం లేని చోట్లన్నీ మూసేయండి. రేపు ఎవడో లోపలికొచ్చినా చేతికి చిక్కేది తక్కువే.

ఈరోజే ట్రంక్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఐఎస్‌డీ మూయించండి. రోజుకింత అని ఖర్చు పరిమితి పెట్టమనండి. ప్రీపెయిడ్ అయితే ఆటో రీచార్జ్ తీసేయండి. వాళ్ళు మూసినా మీ డయల్‌ప్లాన్‌లో (ఏ నంబరు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే నియమాల్లో) కూడా మూయాలి. చాలా చోట్ల నేను చూసే తప్పు, అవుట్‌గోయింగ్ కాంటెక్స్ట్‌లో (బయటికెళ్ళే కాల్స్ నియమాల గుంపులో) అండర్‌స్కోర్, ఎక్స్, చుక్క అని ఒకే ఒక్క ప్యాటర్న్ రాసి వదిలేయడం. ఆ చుక్క ఎన్ని అంకెలొచ్చినా మింగేస్తుంది. మన దేశంలో మామూలు నంబర్లకి అంత అవసరమే లేదు. ముందు 0, తర్వాత 1 నుంచి 9 లోపు ఒక అంకె, ఆపైన ఖచ్చితంగా తొమ్మిది అంకెలు. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి కూడా 2021 జనవరి నుంచి ముందు 0 కొట్టాలి కాబట్టి ఎస్టీడీ, మొబైల్ రెండూ ఇందులోనే పడతాయి. 00 దానంతటదే బయట ఆగిపోతుంది. 1800 నంబర్లకి వేరే లైను రాసుకోండి. ఈ బిగింపు హడావుడిలో 112, 108 మాత్రం మర్చిపోవద్దు, వాటిని ప్రతి ఎక్స్‌టెన్షన్ నుంచీ ఒకసారి పరీక్షించండి. విదేశాలకి నిజంగా ఫోన్ చేయాల్సినవాళ్ళు ఇద్దరుంటే ఆ ఇద్దరికే వేరే కాంటెక్స్ట్, అదీ ఆ దేశాల కోడ్‌లకే. ఒక ఎక్స్‌టెన్షన్ నుంచి ఒకేసారి రెండు కంటే ఎక్కువ కాల్స్ వెళ్ళకుండా కూడా కట్టేయండి. మాకు ఆ ఒక్క లైనున్నా 30 చానెళ్ళు నిండేవి కావు.

ఇక 5060. దాన్ని ప్రపంచానికంతా తెరిచి ఉంచొద్దు. ట్రంక్ కంపెనీ ఐపీలకి మాత్రమే వదిలి, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) ద్వారా రమ్మనండి. సెల్లులో ఒకసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయిస్తే అయిపోతుంది, మా వాళ్ళు వారంలో అలవాటుపడ్డారు. పోర్టు నంబరు మార్చడం వల్ల లాగ్‌లో చెత్త తగ్గుతుందే గానీ భద్రత పెరగదు. వీపీఎన్ కుదరనివాళ్ళుంటే లాగిన్‌నీ మాటల్నీ గుప్తంగా పంపే టీఎల్ఎస్, ఎస్ఆర్‌టీపీ పెట్టండి. ఆస్టరిస్క్‌లో ఫోన్ లాగిన్లు చూసే పీజేసిప్‌లో ఎక్స్‌టెన్షన్ నంబరు వేరు, లాగిన్ పేరు వేరుగా ఉండనివ్వండి. పాస్‌వర్డ్ మనుషులు గుర్తుపెట్టుకునేది కాదు, ఫోన్‌లోకి ఒకసారి ఎక్కించేది. కాబట్టి 24 అక్షరాల పాస్‌వర్డ్ మెషీన్‌తోనే తయారు చేయించండి. ఫెయిల్‌టుబ్యాన్ ఉంచండి, కానీ ఆస్టరిస్క్ లాగర్‌లో సెక్యూరిటీ లాగ్ ఆన్ చేసి దాన్నే చదివించండి.

చాలామంది చూడని చోటు ఒకటుంది, ప్రొవిజనింగ్ ఫోల్డర్. డెస్క్ ఫోన్లు తమ సెట్టింగులు అందులోంచి తెచ్చుకుంటాయి. ఒక్కో ఫోన్‌కీ దాని మ్యాక్ అడ్రస్ (ఆ పరికరానికే ఉండే గుర్తింపు సంఖ్య) పేరుతో ఫైలుంటుంది, చాలా చోట్ల లోపల సిప్ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మ్యాక్ అడ్రస్‌లో మొదటి సగం ఫోన్ తయారీదారుది, మిగతా సగాన్ని వరసపెట్టి అడిగితే ఏదో ఒకటి తగులుతుంది. మీ 24 అక్షరాలూ అక్కడ వృథా. ఆ ఫోల్డర్ ఆఫీసు నెట్‌వర్క్ దాటి బయటికి కనబడకూడదు. ఫోన్ల వెబ్ పేజీకి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉందేమో కూడా చూడండి. కాల్ ఫార్వర్డ్ పెట్టేది అక్కడినుంచే.

ఆస్టరిస్క్‌ని వెబ్ పేజీ నుంచి నడిపే ఫ్రీపీబీఎక్స్ వాడుతుంటే దాని అడ్మిన్ ప్యానెల్ కూడా వీపీఎన్ వెనకే ఉండాలి. 2025 ఆగస్టులో ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లో లోపం బయటపడినప్పుడు, లాగిన్ అక్కర్లేకుండానే దాడి చేశారు. దెబ్బతిన్నవి ప్యానెల్‌ని ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన సర్వర్లే. వేరే ప్రోగ్రాములు ఆస్టరిస్క్‌ని నడపడానికి వాడే మేనేజర్ ఇంటర్‌ఫేస్ పోర్టు 5038, ఏఆర్ఐ పోర్టు 8088 లోకల్‌హోస్ట్ (ఆ సర్వర్) దాటకూడదు. మేనేజర్ యూజర్‌కి ఒరిజినేట్ (కాల్ మొదలుపెట్టే), సిస్టమ్ (సర్వర్ ఆదేశాలు నడిపే) హక్కులు ఇవ్వడమంటే సర్వర్ తాళంచెవి ఇచ్చినట్టే. ఆస్టరిస్క్‌ని రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) నడపొద్దు. సోర్స్‌తో పాటు "రీడ్‌మీ సీరియస్లీ బెస్ట్ ప్రాక్టీసెస్" అని ఒక ఫైలొస్తుంది, కూర్చుని చదవండి. బయటినుంచి వచ్చిన అంకెల్ని వడకట్టకుండా డయల్ ఆదేశానికి ఇస్తే ఏమవుతుందో అందులో బాగా చెప్పారు.

కాల్ రికార్డింగులు వెబ్ ఫోల్డర్‌లో ఉంటే ఇవాళే జరిపేయండి. అందులో ఉన్నవి మనుషుల గొంతులు.

మీ పోర్టు ఎన్నాళ్ళుగా తెరిచి ఉందో గానీ, ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక పని చేయండి. సీడీఆర్‌లో (కాల్స్ చిట్టాలో) గత ఆరు నెలల్లో 00తో మొదలైన కాల్స్ అన్నీ తీయండి, పొడుగువి కాదు, చిన్నవి చూడండి. మాకు పండగకి పన్నెండు రోజుల ముందు, తెల్లవారుజామున మూడింటికి, 201 నుంచి తొమ్మిది సెకన్ల కాల్ ఒకటి వెళ్ళింది. దారి పనిచేస్తుందో లేదో వాళ్ళు చూసుకున్న కాల్ అది. అలాంటిది ఒక్కటి దొరికినా ఆ ఎక్స్‌టెన్షన్ వెంటనే తీసేసి, నాకు ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.